కర్తవ్యదీక్షాపరుడు గెయోర్గ్ బారింగ్

పాఠ్యభాగ ఉద్దేశం:
మహాసంగ్రామాల జయాపజయాలను చక్రవర్తుల, సేనాధిపతుల ఖాతాలో వేయడం లోకరీతి. కాని ఒక్కొక్కప్పుడు ఒక చిన్న తావును పట్టుకొని నిలిచిన కొద్దిమంది సామాన్య సైనికుల పట్టుదలే యుద్ధగతిని నిర్ణయిస్తుంది. అటువంటి సైనికులకు నాయకత్వం వహించిన ఒక అధికారి జీవితాన్ని పరిచయం చేయడం, కర్తవ్యనిష్ఠతో పాటు తన వారి ప్రాణాల పట్ల బాధ్యత కూడా నాయకుని లక్షణమేనని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

వాటర్లూ యుద్ధం అనగానే ఇద్దరి పేర్లు స్ఫురిస్తాయి. ఒకరు ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్. మరొకరు అతనిని ఓడించిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్. ఈ వెల్లింగ్టన్ మన దేశచరిత్రకు కొత్తవాడు కాడు. ఆర్థర్ వెల్లస్లీ అనే పేరుతో 1799లో శ్రీరంగపట్నం ముట్టడికి హైదరాబాదు నిజాం పంపిన సేనలతో కలిసి నడిచినవాడు, 1803లో అసాయి యుద్ధంలో మరాఠా సేనలను ఓడించినవాడు అతడే. అయితే 1815 జూన్ 18న వాటర్లూ రణరంగంలో అతని సైన్యానికి నడిబొడ్డుగా ఉన్న తావును కాపాడింది బ్రిటిష్ ప్రభువులు కారు. జర్మనీలోని హనోవర్ ప్రాంతం నుండి వచ్చిన కొన్ని వందలమంది సైనికులు. వారు కాపాడింది కోట కాదు, ఒక రైతు ఇల్లు. వారి నాయకుడు మేజర్ గెయోర్గ్ బారింగ్.

బారింగ్ 1773 మార్చి 8న హనోవర్‌లో జన్మించాడు. ఆనాడు హనోవర్ పాలకుడు, బ్రిటన్ రాజు ఒక్కరే. అందువల్ల ఆ రెండు దేశాల సైన్యాల మధ్య సన్నిహిత సంబంధం ఉండేది. 1780వ దశకంలో హనోవర్ పదాతిదళాలు రెండు మద్రాసు తీరానికి వచ్చి ఈస్టిండియా కంపెనీ పక్షాన పనిచేశాయంటే ఆ సంబంధం ఎంతటిదో గ్రహించవచ్చు. చిన్ననాటి నుండి సైనిక వాతావరణాన్ని చూస్తూ పెరిగిన బారింగ్ కూడా ఆయుధవృత్తినే ఎంచుకొన్నాడు.

1803లో ఫ్రెంచి సేనలు హనోవర్‌ను ఆక్రమించాయి. అక్కడి సైన్యం రద్దయింది. ఆయుధాలు అప్పగించి ఇంట కూర్చోవడానికి మనసొప్పని వారెందరో సముద్రం దాటి ఇంగ్లండు చేరారు. రాజు మూడవ జార్జి ఆదరణతో వారంతా ఒక ప్రత్యేక సేనగా ఏర్పడ్డారు. అదే రాజుగారి జర్మన్ దళం. స్వదేశం పరుల వశమైనా, ఏనాటికైనా దానిని విడిపించగలమన్న ఆశ వారిని కలిపి ఉంచింది. బారింగ్ ఆ దళంలో చేరి స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో ఫ్రెంచి వారితో జరిగిన దీర్ఘ సమరంలో పాల్గొన్నాడు. 1811లో ఆల్బ్యూరా యుద్ధంలో గాయపడ్డాడు. ఎండకు ఎండి, వానకు తడిసి, ఆకలిని సహించి, సైనికునితో పాటు నేలమీద నిద్రించిన ఆ సంవత్సరాలు అతనికి పెద్ద పాఠశాల అయ్యాయి. ఆజ్ఞ ఇవ్వడం ఎంత సులభమో, దానిని నెరవేర్చడం ఎంత కష్టమో అతడు అక్కడే నేర్చాడు.

1814లో నెపోలియన్ పదవీచ్యుతుడై ఎల్బా ద్వీపం చేరాడు. యుద్ధం ముగిసిందని, ఇక ఇళ్లకు పోవచ్చునని జర్మన్ దళంలోని వారు సంతోషించారు. ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. 1815 ఫిబ్రవరి చివరలో నెపోలియన్ ద్వీపాన్ని విడిచి బయలుదేరి మార్చి 20న పారిస్ ప్రవేశించాడు. అప్పటికి జర్మన్ దళంవారి ఒప్పందపు గడువు ముగియవచ్చింది. అయినా వారు మరి ఆరు నెలలు సేవ చేయడానికి సమ్మతించారు. ఆ ఆరు నెలలలోనే వాటర్లూ వచ్చింది.

జూన్ 17 సాయంకాలం కుండపోతగా వాన కురుస్తున్నది. వెల్లింగ్టన్ సైన్యం మోంట్ సెయింట్ జాన్ అనే ఊరికి దక్షిణాన ఉన్న మిట్టమీద విడిది చేసింది. ఆ మిట్టకు ముందు, పల్లంలో, బ్రస్సెల్స్ నగరానికి పోయే రాజమార్గాన్ని ఆనుకొని లా హే సాంత్ అనే వ్యవసాయ క్షేత్రం ఉన్నది. ఉత్తరాన రైతు నివాసగృహం, దక్షిణాన పెద్ద ధాన్యపు కొట్టం, పడమట పశువుల కొట్టాలు, తూర్పున బాటవెంబడి ప్రహరీ గోడ, నడుమ విశాలమైన లోగిలి. ఇంటి వెనుక కూరగాయల పెరడు, కొట్టానికి ముందు పండ్లతోట. ఫ్రెంచి సేన రాజమార్గం వెంట సూటిగా ముందుకు రావాలంటే ఈ ఇంటిని దాటకతప్పదు. వెల్లింగ్టన్ సైన్యపు నడిభాగానికి ఇది వాకిలి వంటిది. ఆ వాకిలిని కాచే భారం బారింగ్ నాయకత్వంలోని రెండవ లఘు పటాలంమీద పడింది. అతని వెంట ఉన్నవారు సుమారు 400 మంది.

ఆ రాత్రి తడిసి ముద్దయిన సైనికులు చలి కాచుకోవడానికి చేతికందిన కట్టెనల్లా మంటలో వేశారు. ధాన్యపు కొట్టానికి పొలంవైపు ఉన్న పెద్ద తలుపు కూడా అలాగే బూడిదయింది. తెల్లవారిన తర్వాత గాని ఆ నష్టం ఎంతటిదో తెలియలేదు. శత్రువు రాబోయే దిక్కున ఇంటికి తలుపు లేదు! పోనీ, ఉన్న గోడలనైనా పటిష్ఠం చేద్దామంటే పనిముట్లు లేవు. వాటిని మోసుకువచ్చే కంచరగాడిద ముందునాడే తప్పిపోయింది. ఒక గొడ్డలి అయినా మిగలలేదు. వడ్రంగం తెలిసిన సైనికులను ఊగుమోంట్ అనే మరొక క్షేత్రాన్ని బలపరచడానికి పంపవలసిందని పైనుండి ఆజ్ఞ వచ్చింది. ఇన్ని లోపాల నడుమ బారింగ్ నిరుత్సాహపడలేదు. గోడలకు వీలైనన్ని తుపాకి రంధ్రాలు పొడిపించాడు. ఆరు కంపెనీలలో మూడింటిని పండ్లతోటలోను, రెండింటిని ఇంటిలోను, ఒకదానిని పెరటిలోను నిలిపాడు.

మధ్యాహ్నం ఫిరంగుల గర్జనతో డెర్లాన్ నాయకత్వంలోని ఫ్రెంచి పదాతిదళాలు కదిలాయి. బారింగ్ తోటలో తన వారిని నేలమీద పడుకోబెట్టి, శత్రువు బాగా దగ్గరకు వచ్చేవరకు తుపాకులు పేల్చవద్దని ఆజ్ఞాపించాడు. ఫ్రెంచివారి తొలి తూటా అతని చేతిపక్కనే గుర్రపు కళ్లెాన్ని తెంచివేసింది. మరొకటి అతని సహాధికారి మేజర్ బోజెవీల్ ప్రాణాలు తీసింది. శత్రువుల సంఖ్య ముందు తోట నిలవలేదు. సహాయంగా వచ్చిన లూనెబర్గ్ పటాలంమీద ఫ్రెంచి కవచధారులైన ఆశ్వికులు విరుచుకుపడి దానిని ఛిన్నాభిన్నం చేశారు. ఆ కల్లోలంలో బారింగ్, తోటలోని వారు మిట్టమీదికి తగ్గవలసి వచ్చింది. ఇంటిలో ఉన్నవారు మాత్రం కేరీ, గ్రేమ్, ఫ్రాంక్ అనే యువాధికారుల ఆధ్వర్యంలో చెక్కుచెదరక నిలిచారు. అంతలో బ్రిటిష్ అశ్వికదళాలు మిట్ట దిగివచ్చి ఫ్రెంచి పదాతిని చెదరగొట్టాయి. బారింగ్ వెంటనే తన వారితో ఇంటికి తిరిగివచ్చాడు. తోటను కాపాడడం అసాధ్యమని గ్రహించి, సైనికులనందరిని ఇంటిలోను, పెరటిలోను మోహరించాడు. మొదటి లఘు పటాలం నుండి వచ్చిన రెండు కంపెనీలు అతనికి తోడయ్యాయి.

రెండవ దాడి మరింత తీవ్రమైనది. ఫ్రెంచివారు గోడల దాకా వచ్చి, తుపాకి రంధ్రాలలో నుండి పొడుచుకువచ్చిన గొట్టాలను చేతులతో పట్టుకొని లాగసాగారు. లోపలివారు విడువరు, బయటివారు వదలరు. తలుపులేని కొట్టపు ద్వారం వద్ద పోరు భయంకరంగా సాగింది. ఎందరు చొరబడితే అందరూ అక్కడనే కూలారు. దాడి ఆగిన తర్వాత ఆ ద్వారం వద్ద 17 శవాలు పడివుండడం బారింగ్ చూశాడు. చనిపోయినవారి దేహాలే తర్వాత వచ్చినవారికి అడ్డుగోడ అయ్యాయి. రాత్రి చలిమంటకు ఆహుతైన తలుపు లోటు ఈ విధంగా తీరింది. యుద్ధం ఎంతటి క్రూరమైనదో చెప్పడానికి ఇంతకు మించిన దృశ్యం అక్కరలేదు.

ఇంతవరకు సైనికుల ధైర్యానికి కొదవ లేదు. కొదవ వచ్చింది తూటాలకు. దాడి సద్దుమణిగినప్పుడు బారింగ్ లెక్కచూడగా ప్రతి సైనికుడు తన తూటాలలో సగానికిపైగా ఖర్చు చేశాడని తేలింది. వెంటనే ఒక అధికారిని మిట్టమీదికి పంపి తూటాలు కోరాడు. రాలేదు. కొంతసేపటికి మరొకరిని పంపాడు. మనుషులు వచ్చారు గాని తూటాలు రాలేదు. ఇక్కడొక విషయం గమనించాలి. సామాన్య పదాతి సైనికుల చేతిలోనివి మస్కెట్ తుపాకులు. బారింగ్ పటాలానివి గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు గల బేకర్ రైఫిళ్లు. ఇవి గురితప్పవు గాని వీటికి సన్నని తూటాలు కావాలి. మస్కెట్ తూటాలు ఎన్ని ఉన్నా వీటికి పనికిరావు. మైలు దూరమైనా లేని మిట్టమీద వేలాది సైనికులు ఉండగా, ఆ ఇంటిలోని వారు తూటాల కరవుతో అలమటించారు.

సాయంకాలం ఫ్రెంచివారు ధాన్యపు కొట్టానికి నిప్పు పెట్టారు. దట్టమైన పొగ కమ్ముకొన్నది. లోగిలిలో మడుగు ఉన్నది, అందులో నీరు ఉన్నది. కాని ఆ నీటిని తోడి తేవడానికి పాత్ర లేదు. అప్పటికే సహాయంగా వచ్చిన నస్సావు సైనికుల వీపులకు పెద్ద వంటపాత్రలు వేలాడుతున్నాయి. బారింగ్ దృష్టి వాటిమీద పడింది. అతడు ఒక సైనికుని వీపునుండి పాత్రను లాగి, తానే నీరు నింపి, తూటాల వానలో మంటవైపు పరుగెత్తాడు. నాయకుడు ముందు నడిచిన తర్వాత వెనుకవారు ఆగుతారా? నస్సావువారి వీపులమీది పాత్రలన్నీ క్షణంలో నీటి బొక్కెనలయ్యాయి. మంటలు ఆరాయి. అయితే ఒక్కొక్క పాత్ర నీటికి ఒక ప్రాణం మూల్యమైనదా అన్నట్లు పలువురు నేలకొరిగారు.

ఆనాటి సామాన్య సైనికులలో ఫ్రీడ్రిక్ లిండౌ అనే యువకుని పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తలకు రెండు గాయాలై నెత్తురు ధారగా కారుతున్నది. ఒక ఫ్రెంచి అధికారి వద్ద చేజిక్కిన బంగారు నాణేల సంచి అతని జేబులో ఉన్నది. ప్రాణము, ధనము రెండూ దక్కించుకోవాలంటే వెనుకకు పోవడమే మార్గం. పొమ్మని బారింగ్ స్వయంగా చెప్పాడు కూడా. కాని తల భుజాలమీద ఉన్నంతవరకు తన స్థానం విడువనని లిండౌ ద్వారం వద్దనే నిలిచాడు. చివరకు శత్రువులకు చిక్కి ఆ బంగారాన్ని పోగొట్టుకొన్నాడు. ప్రాణాలతో మాత్రం బయటపడ్డాడు. 1846లో అతడు తన యుద్ధస్మృతులను గ్రంథంగా వెలువరించాడు. చక్రవర్తులు, సేనానులే కాక ఒక సామాన్య సైనికుడు కూడా ఆనాటి చరిత్రను తన కంటితో చూసి చెప్పడం విశేషం.

మంట ఆరిన పిమ్మట బారింగ్ మరల తూటాలు లెక్కించాడు. ఒక్కొక్కరి వద్ద మూడు నాలుగుకు మించి లేవు. ఫిరంగి దెబ్బలకు గోడలు బీటలు వారాయి. అయినా సైనికులు తమ కొరతను గురించి చింతించక గోడల కన్నాలను పూడ్చే పనిలో నిమగ్నులయ్యారు. తూటాలు రాకపోతే మరొక దాడిని ఎదుర్కోవడం సాధ్యం కాదని బారింగ్ పైవారికి చివరిసారి కబురంపాడు. సమాధానంగా తూటా ఒక్కటీ రాలేదు. ఆ స్థితిలో తన సైనికుల మొహాలు చూడడం అతనికి అన్నిటికంటె బాధాకరమైంది. వారు అడిగినది విశ్రాంతి కాదు, ప్రాణరక్షణ కాదు. అతనితో కలిసి చావడానికైనా సిద్ధమే గాని పోరాడడానికి తూటాలు మాత్రం కావాలన్నారు. ఆ కోరిక న్యాయమైనది. దానిని తీర్చే శక్తి అతనికి లేదు.

శత్రువులకు కూడా లోపలివారి స్థితి త్వరలోనే అర్థమైంది. తుపాకుల చప్పుడు పలుచబడడం గమనించి వారు కొట్టాల పైకప్పు ఎక్కారు. అక్కడి నుండి లోగిలిలోని వారిని తీరికగా గురిచూసి కాల్చసాగారు. జవాబు చెప్పడానికి కిందివారి వద్ద తూటా లేదు. ద్వారం నుండి కూడా ఫ్రెంచివారు లోనికి వెల్లువెత్తారు. అప్పుడు బారింగ్ ఎదుట రెండు మార్గాలు నిలిచాయి. ఒకటి, ఆఖరి మనిషి వరకు బాయొనెట్లతో పోరాడి అందరూ మడియడం. రెండు, మిగిలినవారినైనా దక్కించుకొని స్థానాన్ని విడవడం. మొదటిది కీర్తిని తెచ్చేది, రెండవది నిందకు తావిచ్చేది. బారింగ్ రెండవ మార్గాన్నే ఎంచుకొన్నాడు. ఇల్లు విడిచి పెరటిలోకి తగ్గవలసిందని ఆజ్ఞ ఇచ్చాడు. తన జీవితంలో అంతకంటె కష్టమైన ఆజ్ఞను అతడు ఇచ్చి ఉండడు. అప్పటికి సాయంకాలం ఆరు గంటలు దాటింది.

ఇంటి నడుమగల ఇరుకైన నడవ గుండా బయటపడవలసి రావడంతో పలువురు శత్రువుల చేతికి చిక్కారు. గ్రేమ్ పైకి లేచిన బాయొనెట్లను కత్తితో తప్పించుకొని పరుగెత్తి బయటపడ్డాడు. ఫ్రాంక్ చేయి తూటాకు విరిగింది. అతడు ఒక గదిలోని మంచం మాటున దాగి, అదే గదిలో చేరిన తోటి గాయపడినవారు ఇద్దరు హతులవుతున్నా, తాను కనబడక బతికిపోయాడు. మిట్టమీది దళనాయకుడు కర్నల్ ఓంప్టెడా, శత్రు ఆశ్వికులు పొంచివున్నారని ఎరిగియుండి కూడా పైవారి ఆజ్ఞను శిరసావహించి ముందుకు నడిచి నేలకొరిగాడు. బారింగ్ మాత్రం యుద్ధరంగాన్ని విడువలేదు. మిగిలిన కొద్దిమందితో మిట్టమీద ఇతర కంపెనీలలో కలిసి పోరాటం సాగించాడు. ఎక్కిన గుర్రం తూటాలకు కూలి, దాని కింద కాలు చిక్కుకొన్నా, విడిపించుకొని మరొక గుర్రమెక్కి రంగానికి వచ్చాడు.

ఇల్లు చేజిక్కగానే ఫ్రెంచివారు ఫిరంగులను దగ్గరకు తెచ్చి వెల్లింగ్టన్ నడిభాగాన్ని కకావికలు చేశారు. అది ఆనాడు వెల్లింగ్టన్‌కు అత్యంత ప్రమాదకరమైన ఘడియ. కాని నెపోలియన్‌కు కాలం మించిపోయింది. తూర్పు దిక్కునుండి బ్లూషర్ నాయకత్వంలో ప్రష్యా సేనలు అప్పటికే వచ్చి అతని కుడివైపున తలపడుతున్నాయి. చివరి ఆశగా పంపిన చక్రవర్తి అంగరక్షక సేన కూడా వెనుదిరిగింది. చీకటి పడేసరికి ఫ్రెంచి సైన్యం చెల్లాచెదురై పారిపోయింది. లా హే సాంత్ మధ్యాహ్నమే పడిపోయి ఉంటే ప్రష్యా సేనలు వచ్చేవరకు ఆ మిట్ట నిలిచేదా అన్నది సందేహమే. ఆ రైతు ఇంటిలోని వారు తమ నెత్తుటితో కొన్నది విజయాన్ని కాదు, కాలాన్ని. ఆ కాలమే విజయమైంది.

రాత్రి బారింగ్ తన వారిని లెక్కించాడు. ఉదయం సుమారు 400 మందితో మొదలైన పటాలంలో నిలబడి ఆయుధం పట్టగలవారు 42 మంది మాత్రమే కనిపించారు. తక్కినవారిలో కొందరు మరణించారు, కొందరు గాయపడ్డారు, కొందరు బందీలయ్యారు. చెదరిపోయిన మరికొందరు తర్వాత తిరిగి చేరుకొన్నారు. విజయోత్సాహంతో సైన్యమంతా ఊగిపోతున్న ఆ రాత్రి, బారింగ్ మాత్రం ఎవరి గురించి అడిగినా మరణమో గాయమో అన్న జవాబు వింటూ కన్నీరు ఆపుకోలేకపోయాడు.

1816లో జర్మన్ దళం రద్దయింది. బారింగ్ స్వదేశం తిరిగివెళ్లి హనోవర్ సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్ పదవి వరకు ఎదిగాడు. ప్రభువంశ బిరుదాన్ని పొందాడు. 1831లో అతడు లా హే సాంత్ రక్షణ వృత్తాంతాన్ని ఒక సైనిక పత్రికలో ప్రచురించాడు. అందులో తన సొంత ప్రతాపం కంటె సైనికుల త్యాగాన్నే ఎత్తిచూపాడు. లిండౌ వంటి సామాన్యుని పేరు లోకానికి తెలియడానికి ఆ రచనే తొలి కారణం. 1848 ఫిబ్రవరి 27న వీస్బాడెన్ నగరంలో బారింగ్ మరణించాడు.

లా హే సాంత్ భవనాలు నేటికీ నిలిచివున్నాయి. ఎదురుగా బాటకు ఆవల, తమ సహచరుల స్మృత్యర్థం జర్మన్ దళపు అధికారులు 1818లో నెలకొల్పిన స్మారకస్తంభం ఉన్నది. సాధనాలు లేకున్నా కర్తవ్యం విడువని సైనికుల కథను, సాధనాలు అందించవలసినవారు విఫలమైతే ఎంతటి ధైర్యమైనా ఎంతవరకు నిలువగలదో అన్న సత్యాన్ని ఆ గోడలు చెబుతున్నాయి. నిలువవలసినంతసేపు నిలిచి, విడువవలసినప్పుడు నిందకు వెరవక తన వారిని దక్కించుకొన్న బారింగ్ జీవితం నాయకత్వానికి నిజమైన నిర్వచనం.

ప్రశ్నలు:
1. లా హే సాంత్ క్షేత్రం వెల్లింగ్టన్ సైన్యానికి ఎందువల్ల కీలకమైనదో వివరించండి.
2. బారింగ్ పటాలానికి తూటాల కొరత ఏర్పడిన తీరును, దాని ఫలితాన్ని తెలపండి.
3. ధాన్యపు కొట్టానికి నిప్పు అంటుకొన్నప్పుడు బారింగ్ చూపిన సమయస్ఫూర్తిని వర్ణించండి.
4. ఇంటిని విడవాలన్న బారింగ్ నిర్ణయం సమంజసమైనదేనా? మీ అభిప్రాయాన్ని సమర్థిస్తూ రాయండి.